ప్రారంభోత్సవానికి సరిపడా ఇల్లు

ఆరుగురు దివ్యాంగులు ఉండేందుకు ఒక ఇల్లు కట్టాలంటే ముందు కావలసింది శిలాఫలకం. దాని చోటు తేలాక మిగిలిన స్థలంలో ఇల్లు కట్టుకోవచ్చు.

తర్వాత ర్యాంపు. బేస్‌మెంట్ అడుగున్నర లేపితే, 1:12 లెక్కన, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున, ర్యాంపు 18 అడుగులు రావాలి. పైనా కిందా చక్రాల కుర్చీ తిప్పుకోవడానికి ఐదేసి అడుగుల చదును. అంతా వదిలితే కారు ఎక్కడ పెట్టాలి? కనుక మేస్త్రి ఆరడుగుల్లో ముగిస్తాడు. స్కూటరు భేషుగ్గా ఎక్కుతుంది. చక్రాల కుర్చీకి వెనక ఇద్దరు కావాలి. దిగేటప్పుడు ఎవరూ అక్కర్లేదు, అదే దిగుతుంది.

గడప లేని ఇంటికి లక్ష్మీదేవి రాదు. అంగుళంన్నర గడపకు కుర్చీ ముందుచక్రం తగిలి ఆగుతుంది, అందులోని మనిషి ఆగడు. గడపను నేలమట్టానికి దించి పసుపు రాయొచ్చు కదా అనే నాస్తికులూ ఉన్నారు. అయినా వికలాంగుల్ని దివ్యాంగులన్నాక గడప ఒక లెక్కా?

అసలు ప్రతిభ బాత్రూములో చూడాలి. తలుపు రెండున్నర అడుగులు. చట్రం, రెక్క మందం పోను దక్కేది 27 అంగుళాలు. కుర్చీ 25. మిగిలిన రెండూ వేళ్లు నలగడానికి. 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు, ఖాళీ ఉండాలని 2021 కేంద్ర మార్గదర్శకాలు అంటాయి, అనుకోనివ్వండి. ఆ తలుపు లోపలికే తెరుచుకుంటుంది. లోపల ఎవరైనా జారిపడితే వాళ్ల ఒళ్లే తలుపుకి అడ్డం. బయటికి తెరిచే తలుపు, బయటినుంచి నాణెంతో తిప్పే గడియ పెద్ద ఖర్చు కాదు. దాత పేరు చెక్కడానికి వాటి మీద చోటూ లేదు. ఇక పట్టుకునే స్టీలు కడ్డీ. టైల్స్ వేయకముందే ఆ చోట బోలు ఇటుకల్లో కాంక్రీటు నింపాలి. నింపరు. తువ్వాలు ఆరేస్తే నిలుస్తుంది, మనిషి బరువు వేస్తే కడ్డీ, టైలు, మనిషి కలిసే వస్తారు. పడ్డవాళ్లు లాగే గంట తాడు నేలదాకా వేలాడాలి. ఊడ్చేటప్పుడు అడ్డమని ఆయా దాన్ని పైన ముడేస్తుంది.

ఎక్కడ, ఎవరితో ఉండాలో వాళ్లే ఎంచుకోవాలని 2007లో మనదేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం చెబుతుంది. ఆరుగురికీ ఒకే హాలు, ఆరు మంచాలు వేస్తే ఆ శ్రమ వాళ్లకు తప్పుతుంది.

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి మెట్లెక్కి రిబ్బను కత్తిరిస్తారు. ఆరుగురూ షామియానా కిందే ఉంటారు. ర్యాంపు నిండా పూలకుండీలు మరి.