మూడు వేల రూపాయల మద్దెల

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత ఆడలేనివారిని ఎగతాళి చేయడానికి పుట్టిందని చిన్నప్పటి నుంచి మనకు నూరిపోశారు. ఇది పొరపాటు వ్యాఖ్యానమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆ సామెతలో నిండు సభ మధ్య ఒకరి పరువు నిలబడింది. నిలబెట్టింది మద్దెల. కిక్కురుమనకుండా నింద మోసిందీ మద్దెలే. ఇన్నేళ్లలో దానికి ఒక్కరైనా శాలువా కప్పిన పాపాన పోలేదు. ఈ రోజుల్లో ఇళ్లలో మద్దెలలు కరువయ్యాయి కాబట్టి, ఆ సన్మానమేదో మా హాల్లో క్యాలెండర్ పక్కన మేకుకు వేలాడుతున్న గిటార్‌కు చేయదలిచాను. దాని ధర 3,200 రూపాయలు. ఆ ధరలోనే సంచి, భుజానికి పట్టీ, మీటడానికి మూడు ప్లాస్టిక్ బిళ్లలు, అదనంగా ఒక తీగల సెట్టు కూడా వచ్చాయి, కొత్త కోడలితో సారె వచ్చినట్టు.

చవక గిటార్‌ను మెచ్చుకునేవారు మామూలుగా చెప్పే మాటలు నాకు తెలుసు. డబ్బు తక్కువ, పోతే పోయిందనుకోవచ్చు, సరదాకు ఇంతకన్నా ఏం కావాలి అంటారు. ఇవన్నీ చిల్లర కారణాలు. అసలు సంగతి ఏమిటంటే, చవక గిటార్ ఉన్నవాడికి సంగీతం రాకపోయినా గౌరవం పోదు.

కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి పలికించడాన్ని గిటార్ భాషలో కార్డ్ అంటారు. వాటిలో ఎఫ్ కార్డ్‌నే తీసుకోండి. చూపుడు వేలిని అడ్డకమ్మిలా ఆరు తీగల మీదా పరిచి నొక్కాలి. నేను నొక్కితే రెండు పలుకుతాయి, ఒకటి బుర్రుమంటుంది, మిగిలినవి మౌనం పాటిస్తాయి. వెంటనే జేబులోంచి మూడు రూపాయి బిళ్లలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద దూరుస్తాను. దూరిపోతాయి. “చూశారా, నాలుగు మిల్లీమీటర్లకు పైనే ఎత్తు. రెండున్నర ఉంటే చాలు. ఇంతెత్తున ఉన్న తీగలను నొక్కడం ఎవరి తరం?” అంటాను. వచ్చినవారు తల పంకిస్తారు. ఈలోగా కాఫీ వస్తుంది. నా వేళ్ల సంగతి ఎవరూ అడగరు. పైగా ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి కాబట్టి చెక్క ముఖం మెల్లగా ఉబ్బి, ఏటా ఆ ఎత్తు ఇంకాస్త పెరుగుతోంది. ఏటా నా గౌరవమూ పెరుగుతోంది. ఆ మూడు బిళ్లలను మాత్రం ఎంత చిల్లర కరువు వచ్చినా కూరగాయల బండి దగ్గర ఖర్చు పెట్టను.

ఎత్తు పాతబడితే శృతి ఉంది. ఉదయం బిగించిన బిరడా మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. శృతి కూడా అరిగిపోతే తుప్పు ఉంది. ఈ విషయంలో విశాఖపట్నం అందించే సహకారం మరువలేనిది. ఒక పక్క ఉక్కు కర్మాగారంలో ఉక్కు కడ్డీలు చుట్టలు చుట్టలుగా తయారవుతుంటాయి, మరో పక్క సముద్రపు గాలి ఊళ్లో ఉన్న ఉక్కునంతా తీరిగ్గా తింటూ ఉంటుంది. కిటికీ ఊచలనే వదలని గాలి నా తీగలను వదులుతుందా? నెల తిరిగేసరికి, వాయించి లేచాక ఎడమ చేతి వేళ్ల కొసల మీద గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. సబ్బుకు ఒక పట్టాన లొంగవు. మా ఆవిడ వాటిని చూసి, “ఎంత సాధన చేస్తున్నారో పాపం” అని ఒకసారి జాలిపడింది. నేను ఖండించలేదు.

ఇప్పుడు మా బావమరిది దుస్థితి చూడండి. ఆరేళ్లు అమెరికాలో ఉండి, వస్తూ వస్తూ లక్షన్నర గిటార్ కొనుక్కొచ్చాడు. ఎం.వి.పి. కాలనీలో ఇల్లు, నడిచి వెళ్లేంత దూరంలో సముద్రం. నా గిటార్ ప్లైవుడ్. పొరల్లో నార ఒకదానికొకటి అడ్డంగా ఉంటుంది కాబట్టి తేమకు పెద్దగా చలించదు. అతనిది మాత్రం పొరలు లేని అచ్చమైన స్ప్రూస్ చెక్క. తేమ తాగితే ఉబ్బుతుంది, మరీ ఆరితే పగులుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటేనే దానికి సుఖం. వంటింటి డబ్బాలో ఉప్పే నీరుకారే ఈ ఊళ్లో అంత సుఖం ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకని పెట్టెలో తేమను కొలిచే మీటరు, తేమను పీల్చే పొట్లాలు, గదిలో రాత్రింబవళ్లు ఏసీ. ఆ బిల్లు చూసి దడుచుకుని మా అత్తగారు హాల్లో ఫ్యాను కూడా కట్టేసి కూర్చుంటున్నారు. ఆవిడే ఒకసారి ఆ గిటార్ వీపు తట్టి, “ఏరా, ఇది జిట్రేగి కదూ? మా పుట్టింట్లో భోషాణం దీనితోనే చేశారు” అన్నారు. నిజమే. ఖరీదైన గిటార్లు చాలావాటికి వీపూ పక్కలూ మన దేశపు జిట్రేగితోనే చేస్తారు. ఇక్కడి అడవిలో పుట్టి, ఓడెక్కి వెళ్లి, అమెరికా సంబంధం చేసుకుని, లక్షన్నర పలుకుతూ పుట్టింటికి వచ్చిందన్న మాట.

ఇంతా చేసి అతను దాన్ని నలుగురిలో వాయించింది ఒక్కసారే, గృహప్రవేశం నాడు. ఎఫ్ దగ్గర బుర్రుమంది. అందరూ గిటార్ వైపు చూశారు. గిటార్‌లో ఏ లోపమూ లేదు. అప్పుడు అందరూ అతని వైపు చూశారు. ఆ పూట మూతపడ్డ పెట్టె మళ్లీ తెరుచుకోలేదు. నేను సరదాగా దాని దగ్గరికి వెళితే, “బావా, చేతులు కడుక్కున్నావా?” అంటాడు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘పరాయి వాద్యం, మన చేతులకు లొంగదు’ అని తప్పుకోవడానికి వీల్లేకుండా పెద్దలు ఆ దారి మూసేశారు. ఫిడేలు పడమటి నుంచి వచ్చిందే. ద్వారం వెంకటస్వామినాయుడు గారు దాన్ని తాతల నాటి సొత్తులా వాయించి, పక్కనే విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలలో నేర్పి, 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. అది పాత కథ అని సర్దుకుందామంటే, పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ పసితనంలోనే మాండలిన్ పట్టుకుని కర్ణాటక కచేరీలు చేశారు. ఇలాంటి మహానుభావులు కళకు చేసిన మేలు గురించి అందరూ రాస్తారు. నాలాంటివారి సాకులకు చేసిన కీడు గురించి ఎవరూ రాయరు. పోనీ బొబ్బిలి వీణ తెచ్చుకుందామా అంటే, పనస కర్రలోంచి చెక్కిన ఆ తల్లికి చాప పరవాలి, కాలు తగిలితే కళ్లకద్దుకోవాలి, దసరాకు పసుపు కుంకుమలు పెట్టాలి. ‘వీణ ఓడు’ అన్నామంటే సరస్వతిని తిట్టినట్టే. గిటార్‌ను ఎంత తిట్టినా ఏ దేవుడికీ కోపం రాదు.

అందుకే నిశ్చింతగా దాన్ని స్కూటర్ మీద ఆర్కే బీచ్‌కు తీసుకువెళ్తాను. మురీ మిక్స్చర్ తిన్న చేత్తోనే పట్టుకుంటాను. ఇసుక పడితే బోర్లించి దులిపితే సరి. ఎదురుగా 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామి ఉంటుంది. నీటి అడుగున చిన్న చప్పుడునైనా పసిగట్టే దాని పరికరాలు ఇప్పుడు పనిచేయకపోవడం నా అదృష్టం.

ఈ వ్యాసం ఇక్కడితో సుఖంగా ముగియవలసింది. కానీ మొన్న ఆదివారం, నీళ్ల క్యాన్ వేసే అబ్బాయి మేకు వైపు చూసి, “ఒకసారి చూడవచ్చా సార్?” అన్నాడు. “చూడు బాబూ, కానీ తీగలు బాగా ఎత్తు” అని బిళ్లల కోసం లోపలికి వెళ్లాను. నేను తిరిగి వచ్చేలోగా అతను గోడకు ఆనుకుని నిలబడి, ఫోను అవసరం లేకుండా చెవితోనే ఆరు తీగలనూ శృతి చేసేశాడు. తర్వాత వాయించాడు. మధ్యలో ఎఫ్ కూడా వచ్చింది. అవే తుప్పు తీగలు, ఆరుకు ఆరూ పలికాయి. మా ఆవిడ చేతిలో గరిటెతో సహా వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

“చర్చిలో వాయిస్తుంటాను సార్. గిటార్ బాగుంది” అని దాన్ని మళ్లీ మేకుకు తగిలించి, ఖాళీ క్యాన్ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మా ఆవిడ ముందు గిటార్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా గుప్పెట్లో మూడు రూపాయి బిళ్లలు ఉన్నాయి.

రాత్రంతా ఆలోచించాను. అతను నిలబడి వాయించాడు. నేనేమో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వాయిస్తున్నాను. మోచెయ్యి ఆడడానికి చోటేదీ? చేతులు లేని కుర్చీ ఒకటి కొనాలి. ఖరీదైనది అక్కరలేదు. కాలు కాస్త ఊగేదైతే మరీ మంచిది.