అరిస్టాటిల్ నెత్తిన కట్టిన శాతాలు

"ఉపన్యాసంలో మాటల విలువ 7 శాతమే, గొంతుది 38, హావభావాలది 55 అని అరిస్టాటిల్ చెప్పాడు" అంటూ మొదలయ్యే 'గ్రీకు వక్తల అయిదు రహస్యాలు' అనే సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని సాధన చేయాలి, ఈథోస్ (వక్త మీద శ్రోతలకు కలిగే నమ్మకం) అంటే హోదా, ఏడిపిస్తే గెలిచినట్టే, వక్తృత్వానికి అభినయమే (గొంతు, హావభావాలే) ప్రాణం అన్నవి అందులోని మిగతా నాలుగు. పంపినవారిలో పిల్లలను వక్తృత్వ పోటీలకు తయారుచేసే ఉపాధ్యాయులు కూడా ఉన్నారు కనుక ఊరుకోలేకపోతున్నాను.

ఆ శాతాలు 1967లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ ప్రచురించిన ప్రయోగాలవి. "బహుశా" అనే అర్థం వచ్చే ఒక్క మాటను రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఆ మనిషికి ఎదుటివారంటే ఇష్టమో కాదో చెప్పమన్నారు. ఒక్క మాటే మిగిల్చాక ఇక మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ లెక్క ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భానికే వర్తిస్తుందని ఆయనే చెప్పుకున్నాడు. దీన్ని నమ్మి వారం రోజులు అద్దం ముందు చేతులు తిప్పించి, విషయాన్ని చివరి రాత్రికి వదిలేస్తే ఆ బిడ్డ వేదిక మీద ఏం చెబుతుంది? అరిస్టాటిల్ అయితే వక్తృత్వం మీద రాసిన తన 'రెటోరిక్'లో వాచికాభినయాన్ని, అంటే గొంతు వాడే తీరును, మూడో భాగంలో గానీ చర్చకు తీసుకోలేదు. అక్కడ కూడా, శ్రోతల లోపం వల్లనే దానికంత ప్రభావం ఉందన్నాడు.

గులకరాళ్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చవచ్చు. అది ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ తన ఉచ్చారణ దోషానికి చేసుకున్న చికిత్సగా గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాసిన కథ. ఆ దోషం లేనివారికి రాళ్లతో పనిలేదు.

'ఈథోస్ అంటే హోదా' అనడం శుద్ధ తప్పు. వక్త మీద నమ్మకం అతని గురించి ముందే ఉన్న అభిప్రాయం వల్ల కాక, ప్రసంగం వల్లనే కలగాలని అరిస్టాటిల్ స్పష్టంగా రాశాడు. 'ఏడిపిస్తే గెలిచినట్టే' అనేదీ ఆయనకు అంటగట్టారు. తీర్పరుల మనసును కోపంతోనో జాలితోనో వంచడమంటే, కొలవబోయే బద్దను ముందే వంకర చేయడమన్న మనిషి ఆయన!

అయిదోదాన్ని మాత్రం ఒప్పుకుంటాను. వక్తృత్వంలో మొదటిది, రెండోది, మూడోది ఏమిటని అడిగితే డెమోస్తనీస్ మూడుసార్లూ "అభినయం" అన్నాడని రోమన్ వక్త సిసిరో నాటికే ప్రసిద్ధి. అయితే క్రీ.పూ. 330లో, డెమోస్తనీస్‌కు బంగారు కిరీటం ఇవ్వాలన్న ప్రతిపాదనపై నడిచిన కిరీటం వ్యాజ్యంలో డెమోస్తనీస్‌ను ఎదుర్కొన్న ఎస్కినీస్ ఒకప్పటి నటుడు, మంచి గొంతు గలవాడు; అయినా అయిదో వంతు ఓట్లు కూడా పడక ఏథెన్స్ విడిచిపోయాడు. తర్వాత రోడ్స్ దీవిలో ప్రత్యర్థి ప్రసంగాన్ని తానే చదివి వినిపిస్తే జనం అబ్బురపడ్డారట. "ఆయన నోటనే విని ఉంటే ఏమనేవారో" అన్నాడట ఎస్కినీస్. అప్పటికి వారు విన్నవి మాటలే, అదీ ఓడినవాడి నోట.