కొత్త వంతెన సరే, అప్పటిదాకా పాతదాని సంగతేంటి?

మా మండలంలో వాగు మీద కొత్త వంతెనకు పరిపాలనా అనుమతి వచ్చిందని ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం అసలు టెన్షన్ ఆ రోజు నుంచే మొదలైంది. మంజూరు కాగితం వచ్చిందంటే ఇక పాత వంతెన మొహం చూసేవాడు ఉండడు. మరమ్మతు చేయించండి సార్ అని అడిగితే "ఎలాగూ కొత్తది వస్తోంది కదా, దీని మీద డబ్బులు పెడితే రేపు ఆడిట్‌లో మమ్మల్ని అడుగుతారు" అంటున్నారు. జనం కూడా అంతే, ఇంకెన్నాళ్లులే అని సర్దుకుపోతున్నారు. కొత్త వంతెన కాగితం మీద ఉంది. పిల్లల బస్సు మాత్రం రోజూ పాతదాని మీద నుంచే పోతోంది.

గుజరాత్‌లో జరిగింది అచ్చం ఇదే. వడోదర, ఆనంద్ జిల్లాల మధ్య మహీ నది మీద ఉన్న గంభీర వంతెన 2025 జూలై 9 ఉదయం బండ్లు నడుస్తుండగానే విరిగి పడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. 1985లో మొదలైన వంతెన, అంటే నలభై ఏళ్లది. మరీ ముసలిదేం కాదు. దాని బదులు కొత్తది కట్టడానికి అప్పటికే 212 కోట్లు మంజూరై ఉన్నాయి. విరిగిన అంచున వేలాడిన ట్యాంకర్ ఫొటోను అందరూ ఫార్వర్డ్ చేశారు గానీ, ఈ 212 కోట్ల ముక్క ఎవరికీ ఎక్కలేదు. దానికి నెల లోపే ముందు, అదే ఏడాది జూన్ 15న, పుణె దగ్గర కుండ్‌మళలో ఇంద్రాయణి నది మీద పాత ఇనుప వంతెన సందర్శకుల బరువుకు కూలి నలుగురు పోయారు. అక్కడా కొత్త వంతెనకు మంజూరు అయిపోయింది.

రెండు చోట్లా డబ్బులు ఇచ్చారు, పాతది ప్రమాదమనీ తెలుసు. మరి తెలిసినప్పటి నుంచి కొత్తది తెరిచే దాకా పాతదాన్ని ఏం చేయాలో ఎవరి ఫైల్లోనూ లేదు. నా గొడవంతా అక్కడే. మంజూరు ఉత్తర్వులోనే పాత వంతెన కోసం ఒక పేజీ ఉండాలి, ఆ పేజీకి విడిగా డబ్బు ఉండాలి.

"ఏడాదిలో అయిపోతుంది కదా, ఈలోపు ఏమవుతుంది" అనేవాళ్లకు వాగు క్యాలెండర్ తెలియదు. పరిపాలనా అనుమతి తర్వాత సాంకేతిక అనుమతి, మట్టి పరీక్షలు, డిజైన్లు, టెండరు, అగ్రిమెంటు. పాత బిల్లులే రాలేదని కాంట్రాక్టర్లు ముందుకు రాకపోతే మళ్లీ టెండరు. ఇదంతా అయ్యేసరికి మే నెల వస్తుంది. పునాదులు తవ్వాలంటే వాగులో నీరు తగ్గాలి, అంటే సంక్రాంతికి కాస్త అటూ ఇటూ. వానలు పడేలోపు పునాదులు లేచి నీటి మట్టం దాటాలి. మేలో అగ్రిమెంటు అయితే ఆ సీజన్ పోయినట్టే. ప్రభుత్వానికి సంవత్సరం మార్చిలో ముగుస్తుంది, వాగుకు జూన్‌లో. ఈ రెండూ కలిసేలా తారీఖులు వేసుకున్న వంతెన పని నేనైతే ఇంతవరకూ చూడలేదు. పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద వంతెన పని 2016లో మొదలైంది. 2024 ఏప్రిల్‌లో, ఇంకా పూర్తికాకుండానే, ఓ రాత్రి గాలికి గడ్డర్లు, అంటే పిల్లర్ల మీద పెట్టిన దూలాలు, కింద పడ్డాయి. ఎనిమిదేళ్లండీ! అన్నాళ్లూ జనం ఏటి ఇసుకలో వేసిన దారిలోనే తిరిగారు.

ఇప్పుడు మా పాతదాని సంగతి. ఎండాకాలం వాగు ఎండినప్పుడు ఒకసారి కిందికి దిగి తల పైకెత్తి చూడండి. శ్లాబు అడుగున పెచ్చులూడి ఊచలు తేలాయి. వేలితో గీరితే తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది. పైన మాత్రం ఎలక్షన్ల ముందు వేసిన తారు నల్లగా నిగనిగలాడుతోంది. తారు మీద తారు వేసీ వేసీ పక్క గట్టు దాదాపు రోడ్డులో కలిసిపోయింది. ఆ తారు బరువంతా మోసేది ఆ శ్లాబే కదా! వాన నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టాల మూతులు కూడా ఆ తారు కిందే ఉన్నాయి. నీరు నిలిచి కాంక్రీటులోకి ఇంకుతుంది, ఊచలు ఇంకా తుప్పు పడతాయి. రోడ్డు బాగు చేశామని కొబ్బరికాయ కొట్టి వంతెన ఆయుష్షు తగ్గించారన్నమాట.

ఇంకా కిందికి చూస్తే, నా చిన్నప్పుడు ఇసుకలో పూడుకుని కనిపించని పునాది దిమ్మ ఇప్పుడు నడుం ఎత్తున బయటికి వచ్చింది. ఇసుక ఎటు పోయిందో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలు చెబుతున్నాయి. మా వాగులో ట్రాక్టర్లు ఆ వంతెన నీడలోనే నిలబడి లోడ్ చేసుకుంటాయి.

ఇక బరువు. ఈ వంతెన కట్టిన రోజుల్లో ఎడ్లబండ్లు, రోజుకు రెండు బస్సులు, పంట చేతికొచ్చినప్పుడు నాలుగు ధాన్యం లారీలు. ఇప్పుడు టిప్పర్లు, కోత మిషన్లను మోసుకొచ్చే ట్రాలీలు, గ్రానైట్ లారీలు. 2018లో కేంద్రమే లారీల బరువు పరిమితి పెంచింది. మూడు ఇరుసుల లారీకి అంతకుముందు 25 టన్నులు, ఇప్పుడు 28.5. ఇది చట్టబద్ధమైన లెక్క. ఓవర్‌లోడు దీనికి అదనం. కాగితం మీద లారీకి బలం పెరిగింది, దాని కింద ఉన్న పాత వంతెనలకు ఎవరు పెంచారు?

వీటన్నిటికీ మనవాళ్లు కనిపెట్టిన మందు ఒక బోర్డు. "వంతెన బలహీనంగా ఉన్నది, భారీ వాహనాలకు ప్రవేశం లేదు." రాత్రి రెండింటికి గ్రానైట్ లారీ డ్రైవర్ దిగి ఆ బోర్డు చదివి, వెనక్కి తిప్పుకుని ముప్పై కిలోమీటర్లు చుట్టూ తిరిగి పోతాడని నమ్మాలి మనం. బోర్డుతో పనికాకపోతే రెండు వైపులా ఇనుప కమ్మీతో కమాను కడతారు, ఎత్తు బండ్లు పోకుండా. ఇక్కడే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. గడ్డి ట్రాక్టర్ ఎత్తుగా ఉంటుంది, బరువు ఉండదు. అది ఇరుక్కుంటుంది. గ్రానైట్ దిమ్మ పొట్టిగా ఉంటుంది, బరువు కొండంత. అది హాయిగా కింద నుంచి దూరిపోతుంది. 2023 మే 3న ఇచ్ఛాపురంలో బాహుదా నది మీద 1929 నాటి వంతెన కూలింది గుర్తుందా? అప్పుడు దాని మీద ఉన్నది గ్రానైట్ రాయి లారీయే.

తనిఖీ చేయిస్తున్నాం అంటారు. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీది పాత రాతి వంతెననూ కూలడానికి కొన్ని నెలల ముందే తనిఖీ చేసి, ప్రమాదమేమీ లేదన్నారు. 2016 ఆగస్టు 2 రాత్రి వరదలో అది కొట్టుకుపోయింది, దాంతో పాటు రెండు బస్సులు. పైగా దాని పక్కనే కొత్త వంతెన ఒకటి అప్పటికే వాడుకలో ఉంది! అయినా ఒక వైపు ట్రాఫిక్‌ను పాతదాని మీద నుంచే నడిపారు. ఆ తర్వాత అక్కడ ఇంకో వంతెనను 165 రోజుల్లో కట్టి 2017 జూన్‌లో తెరిచారు. అంటే కట్టాలనుకుంటే కడతారు. పైనుంచి జీపులో పోతూ చూసేది తనిఖీ అనిపించుకోదు. ప్రతి వరద తర్వాత పిల్లర్ల కింద ఎంత కోసుకుపోయిందో కొలిచి రాసిపెట్టాలి. దానికి కోట్లేమీ అక్కర్లేదు.

అలాగని రేపే గోడ కట్టి మూసేయమని నేను అనడం లేదు. మూస్తే ఏమవుతుందో నాకూ తెలుసు. 108 చుట్టూ తిరిగి రావాలి, పాల క్యాన్లు అవతలికి చేరవు, పదో తరగతి పిల్లలు బడి మానేస్తారు. రెండో రోజుకు మనవాళ్లే ఆ అడ్డు తీసి పక్కన పడేస్తారు. మూసినప్పుడు ఏం చేయాలో ముందే ఏర్పాటు ఉంటే ఆ పరిస్థితి రాదు. బరువు బండ్లు పూర్తిగా బంద్. ఇటు ఒక బస్సు, అటు ఒక బస్సు, మధ్యలో జనం నడిచి దాటాలి, బైకులూ ఆటోలూ పోవచ్చు. అవతలి ఊళ్లకు అటువైపే ఒక 108 నిలిపి ఉంచాలి. ధాన్యం కొనుగోలు కేంద్రం ఆ రెండు మూడేళ్లూ అవతల కూడా తెరవాలి. కొత్త వంతెన అంచనాలో ఇదెంత భాగం? చిల్లర. కానీ ఆ చిల్లరకు ఏ పద్దులోనూ చోటు లేదు.

కొత్తది పాతదాని పక్కనే కడతారట. మంచిదే, రాకపోకలు ఆగవు. అయితే అప్రోచ్ రోడ్డుకు రెండు వైపులా పొలాలు పోతాయి, అందులో మా చిన్నాన్నది కూడా కొంత ఉంది. "డబ్బులు ఖాతాలో పడ్డాకే గట్టు కొట్టనిస్తాను రా" అంటున్నాడు. ఆయన్ని ఏమనను? మధ్యలో వంతెన నిలబడి, రెండు చివర్లా రోడ్డు లేక నిచ్చెన వేసుకుని ఎక్కే ఊళ్ల ఫొటోలు పేపర్లో ఎన్ని చూడలేదు!

వచ్చే గ్రామసభకు ఇంజనీర్లు వస్తున్నారని చెప్పారు. కొత్తదాని పొడవెంత, వెడల్పెంత అని అందరూ ఎలాగూ అడుగుతారు. నేను అడగబోయేది వేరు. పాత వంతెన మీద లారీలు ఏ తారీఖు నుంచి ఆపుతున్నారు, రాత్రిపూట అక్కడ ఎవరిని కాపలా పెడుతున్నారు, బస్సు ఎప్పుడు ఆపుతారు, ఆ రోజు నుంచి అవతలి మూడు ఊళ్లకు ఏం ఏర్పాటు చేస్తారు. నోటి మాట వద్దు, కాగితం మీద సంతకంతో ఇవ్వమంటాను. ఇవ్వకపోతే ఆర్టీఐ దరఖాస్తు ఇప్పటికే రాసి పెట్టుకున్నాను.