ఇంట్లో లైను ఒకటి చాలా, రెండు కావాలా?

విజయవాడలో రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో రౌటర్, 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగం ఉన్న ఫైబర్ ఇంటర్నెట్ లైను, దాని మీద నాలుగు కంప్యూటర్లు. పై గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకునే వదిన రెండో కనెక్షన్ కావాలంటుంది. రౌటర్ బాగోగులు చూసే మరిది వద్దంటాడు.

వదిన: నిన్న మీటింగ్‌లో నా మాట అవతలివాళ్లకు సగమే వినిపించిందట. ఇంటిల్లిపాదీ ఒక్క లైను మీద పడితే ఇంతే. నాకు వేరేది పెట్టించు.

మరిది: వీడియో కాల్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు వదినా. నాన్నగారు టీవీలో 4కే సినిమా పెట్టుకున్నా పాతిక లోపే. వందలో ఇంకా సగం పైన మిగులుతుంది.

వదిన: మిగిలితే నా దాకా ఎందుకు రాలేదు?

మరిది: ఆ టైముకి అన్నయ్య పెళ్లి వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నాడు. అప్‌లోడ్ నిండిపోతే రౌటర్ దగ్గర ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, క్యూ కడతాయి. మీ మాట ఆ క్యూలో ఇరుక్కుంది. ఫైలు అర సెకను ఆలస్యంగా వెళ్లినా ఎవరికీ తెలియదు, మాట అలా కాదు కదా. అన్నయ్య కంప్యూటర్ అప్‌లోడ్‌కి రౌటర్‌లో హద్దు పెడితే సరి.

వదిన: మరి సిగ్నల్? మధ్యలో కాంక్రీటు స్లాబు ఉంది. పైన వైఫై రెండు గీతలు కనిపిస్తే గొప్ప.

మరిది: వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఉంటాయి. మీ ల్యాప్‌టాప్ 5 మీద ఉంది. వేగం ఎక్కువే గానీ గోడలు దాటడం దానికి కష్టం. 2.4 కొంత నయం, కాకపోతే చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అక్కడే గుమిగూడతాయి. మెట్ల పక్క నుంచి క్యాట్ 6 అనే నెట్‌వర్క్ వైరు లాగుదాం. 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం వస్తుంది, మనకు ఇరవై మీటర్లు చాలు.

వదిన: మామయ్యగారు మొన్ననే వేయించిన రంగు మీద డ్రిల్లింగా? ఆయనతో నువ్వే చెప్పుకో. ఇంకోటి, మావాడు ఎక్కడెక్కడి నుంచో గేములు దించుతుంటాడు. బయటికి ఇంటి మొత్తానికి ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన చిరునామా నంబరు) కనిపిస్తుందని నువ్వే చెప్పావు. వాడి కంప్యూటర్‌లో వైరస్ దూరి స్పామ్ పంపితే చెడ్డపేరు నాకు కూడా.

మరిది: 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపలి అడ్రసులు. బయటికి వెళ్లేటప్పుడు వాటన్నిటికీ రౌటర్ ఒకే అడ్రస్ తగిలిస్తుంది. ఐపీవీ4 అనే పాత అడ్రసుల పద్ధతిలో ఉన్నవే సుమారు 430 కోట్లు, ఇంటికి నాలుగేసి ఇస్తే సరిపోతాయా? వాణ్ని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి, అంటే అతిథుల కోసం రౌటర్ విడిగా ఇచ్చే వైఫైలోకి, మార్చేస్తా, మీ ల్యాప్‌టాప్ జోలికి రాలేడు.

(మరిది ఇక్కడ తప్పించుకున్నాడు. గెస్ట్‌లో పెట్టినా బయటికి కనిపించే అడ్రస్ మారదు.)

వదిన: లైనే తెగితే? ఆమధ్య వీధి తవ్వినప్పుడు రోజంతా నెట్ లేదు.

మరిది: ఆ వీధిలోంచే వచ్చే రెండో లైను మాత్రం తెగదా? పైగా నెలనెలా బిల్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అలాంటి రోజు ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకురావచ్చు.

వదిన: వేరే కంపెనీది వెనక సందులోంచి వస్తుంది, కనుక్కున్నాను. సరే, ముందు ఆ వైరు లాగు. సోమవారం రివ్యూలో ఒక్కసారి మాట తెగినా మంగళవారం వాళ్లకు ఫోన్ చేస్తా.

మరిది: అలాగే. అప్‌లోడ్ హద్దు మాత్రం అన్నయ్యకు చెప్పకుండా పెట్టేస్తాను, మీరూ చెప్పకండి.