కనిగిరిలో నడుములు వంచింది జన్యువులు కాదు

ఒంగోలు నుంచి కావలి దాకా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "చైనాలో చేసేశారు. కడుపులో ఉండగానే ఒక్క ఇంజెక్షన్‌తో జన్యువులు మార్చి, ఎత్తైన, తెలివైన బిడ్డను కనొచ్చు. మేనరికమైనా భయం లేదు. కనిగిరి వైపు వంశాల్లో ఉన్న ఎముకల జబ్బు కూడా పోతుంది" అని దాని సారాంశం. సంబంధాలు చూసే ఇళ్లలో దీన్ని నమ్మి మాట్లాడుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు కనిగిరి మాట. ఆ జబ్బు వంశంలోంచి రాలేదు, బోరులోంచి వచ్చింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల తరబడి పళ్లలో, ఎముకల్లో పేరుకుపోతుంది. పళ్ల మీద మచ్చలు, పట్టేసిన కీళ్లు, వంగిన నడుము దాని ఫలితమే. తాతకూ మనవడికీ వచ్చిందంటే ఇద్దరూ తాగింది ఆ నీళ్లే. అదే ఇంటి బిడ్డ మంచినీళ్లున్న ఊళ్లో పుట్టి పెరిగితే ఈ జబ్బు రాదు. దీన్ని రక్తానికి అంటగడితే ఆ ఊళ్ల ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయి, మంచినీళ్లు ఏవని అధికారుల్ని నిలదీసేవాళ్లూ ఉండరు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన అబద్ధం ఇదే.

చైనా సంగతి సగమే నిజం. 2018 నవంబరులో హె జియాన్‌కుయి అనే శాస్త్రవేత్త, కవల ఆడపిల్లలు పిండాలుగా ఉన్నప్పుడు హెచ్‌ఐవీ కణాల్లోకి దూరడానికి దారిచ్చే సీసీఆర్5 జన్యువును ల్యాబులో మార్చానని ప్రకటించాడు. కడుపులోకి ఇంజెక్షన్ ఏమీ ఇవ్వలేదు. తండ్రికి హెచ్‌ఐవీ ఉంది కానీ, అది బిడ్డకు సోకకుండా వీర్యాన్ని శుద్ధి చేసే పద్ధతి అప్పటికే ఉంది. అవసరం లేని ప్రయోగం అది. 2019 డిసెంబరులో అక్కడి కోర్టు అతనికి మూడేళ్ల జైలు వేసింది. పిండంలో చేసిన మార్పు ఆ పిల్లలతో ఆగదు, వాళ్ల పిల్లలకూ వెళ్లగలదు. తేడా వస్తే వెనక్కి తీసుకోలేం. నీకు ఇష్టమేనా అని పుట్టని బిడ్డను అడగనూ లేం. మన వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019 మార్గదర్శకాలు ఇలాంటి చికిత్సను నిషేధించాయి. చేయిస్తామని ఎవరైనా డబ్బడిగితే అది మోసం.

ఎత్తు ఒక్కదానికే దాదాపు 12,000 జన్యు తేడాలతో సంబంధం ఉందని 2022లో తేలింది. తెలివి ఇంకా చిక్కుముడి. ఒక్క ఇంజెక్షన్‌తో మారేవి కావు ఇవి.

నిజమైన ఆశ వేరే చోట ఉంది. సికిల్ సెల్, తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బులున్న రోగుల మూలకణాలు బయటికి తీసి, సరిచేసి, కీమో ఇచ్చాక తిరిగి ఎక్కించే కాస్గెవీ అనే చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. ఆ మార్పు రోగి పిల్లలకు వెళ్లదు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ సికిల్ సెల్‌కు చౌక చికిత్స కోసం పనిచేస్తోంది. నైతికంగా నాకు అభ్యంతరం లేని దారి ఇది, ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిందీ ఇక్కడే.

ఇక మేనరికం. దగ్గరి బంధువులిద్దరూ ఒకే జబ్బు జన్యువును మోస్తూ ఉండే అవకాశం ఎక్కువ. అలా మోసేవాళ్లనే వాహకులంటారు. భార్యాభర్తలిద్దరూ తలసీమియా వాహకులైతే, ప్రతి కాన్పులో బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులు బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తారు. హెచ్‌బీఏ2 అనే రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే రక్తపరీక్షలో తెలుస్తుంది. ముహూర్తం పెట్టుకునే ముందే ఇద్దరికీ అది చేయించండి. కుటుంబంలో వేరే పుట్టుకతో వచ్చే జబ్బులుంటే ఆ వివరాలన్నీ డాక్టరుకు చెప్పండి.