పెద్ద కుక్కను కొనే ముందు గొలుసు పట్టేదెవరో తేల్చుకోండి

గోదావరి డెల్టాలో కొత్తగా కట్టిన ఇళ్ల గేట్ల వెనక ఈమధ్య భారీ కుక్కలు కనిపిస్తున్నాయి. అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు లాంటి పట్టణాల్లోనే కాదు, కాలువ గట్ల వెంట ఉన్న పల్లెల్లోనూ మనిషి నడుమెత్తు గ్రేట్ డేన్‌లు, ఒత్తయిన బొచ్చుతో సెయింట్ బెర్నార్డ్‌లు, మాస్టిఫ్‌లు పెరుగుతున్నాయి. కొనేది చాలాసార్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు. అది పెరిగేది అరవై అయిదు దాటిన తల్లిదండ్రుల దగ్గర. అమ్మానాన్న ఒంటరిగా ఉంటున్నారు, ఇంటికి కాపలా ఉంటుంది అన్నది కారణం. ఆ ప్రేమకు వంక పెట్టలేం. వంకంతా ఎంపికలోనే ఉంది.

కుక్క కొనాలనుకునేవాళ్లు మొదట ఏ జాతి మంచిదని అడుగుతారు, ఆ తర్వాత పిల్ల ధర ఎంతని అడుగుతారు. భారీ జాతుల విషయంలో ఈ రెండింటికంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఉదయం, సాయంత్రం దాని గొలుసు పట్టుకుని నడిచేదెవరు? అది ఒక్కసారిగా ముందుకు దూకితే ఆపగల బలం ఆ చేతికి ఉందా? డెల్టాలో చాలా ఇళ్లకు నిజాయతీగా వచ్చే జవాబు లేదనే. అలాంటి ఇంటికి భారీ జాతి కుక్కను తేకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం.

ఎదిగిన మగ గ్రేట్ డేన్ 55 నుంచి 80 కిలోల దాకా తూగుతుంది. సెయింట్ బెర్నార్డ్ కూడా దాదాపు అంతే. దాన్ని పట్టుకునే తల్లి బరువు బహుశా అంతకన్నా తక్కువే. ఈ కుక్కలు క్రూరమైనవని అనడం లేదు. గ్రేట్ డేన్ సహజంగా నెమ్మదైనది, మనుషులను అంటిపెట్టుకుని ఉంటుంది. కానీ ప్రమాదం జరగడానికి కరవనే అక్కర్లేదు. పిల్లిని చూసి ఒక్క ఉరుకు ఉరికితే చాలు, గొలుసు చేతికి చుట్టుకున్న పెద్దావిడ సిమెంటు రోడ్డు మీద పడుతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం మీదే. పల్లెటూరి రోడ్డు మీద వీధికుక్కలు ఉండనే ఉంటాయి. తమ హద్దులోకి కొత్త కుక్క వచ్చిందంటే కొబ్బరితోటలోంచి మూడు నాలుగు ఒక్కసారిగా మీదికి వస్తాయి. ఆ గొడవలో 70 కిలోల జంతువును అదుపు చేయడం బలమైన కుర్రాడికే కష్టం.

ఇలా ఒకటి రెండుసార్లు జరిగాక నడక ఆగిపోతుంది. కుక్కను వెనక వరండాలో స్తంభానికి కట్టేస్తారు. ఇక రోజంతా గచ్చు మీదే పడుకుంటుంది. కొన్నాళ్లకు ముందు కాళ్ల మోచేతుల దగ్గర వెంట్రుకలు రాలి, చర్మం నల్లగా మొద్దుబారి కాయలు కాస్తాయి. కొన్నింటికి అక్కడే నీరు చేరి నిమ్మకాయంత బుడిపెలు లేస్తాయి. అంత బరువూ ఎముక మీద పడి, ఎముక గచ్చుకు ఒరుసుకోవడం వల్ల వచ్చే బాధ ఇది. మందపాటి పరుపు వేస్తే చాలావరకు తప్పుతుంది. ఇంటికి వచ్చినవాళ్లు ఫొటో దిగేటప్పుడు ఆ మోచేతులను ఎవరూ చూడరు. గొలుసుకే పరిమితమైన కుక్కకు క్రమంగా కోపం, భయం పెరుగుతాయి. అప్పుడు దానికి 'పిచ్చికుక్క' అన్న పేరు వస్తుంది.

కొనేవాళ్లు ఎక్కువగా చిన్నచూపు చూసేది వాతావరణాన్ని. సెయింట్ బెర్నార్డ్ పుట్టిల్లు ఆల్ప్స్ పర్వతాల్లో 2,400 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కనుమ. మంచులో దారితప్పిన బాటసారులను వెతకడానికి అక్కడి మఠంలో సన్యాసులు పెంచిన కుక్క అది. న్యూఫౌండ్‌లాండ్ కుక్క కెనడా చలినీళ్లలో జాలరులకు తోడుగా ఉండేది. టిబెటన్ మాస్టిఫ్ సంగతి పేరులోనే ఉంది. మన దగ్గర రోహిణి కార్తెలో ఎండ ఒక ఎత్తయితే, ఉక్కపోత ఇంకో ఎత్తు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. నాలుక బయటపెట్టి రొప్పుతూ నోటిలోని తడిని ఆవిరి చేసుకుంటేనే దాని ఒంటి వేడి తగ్గుతుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి త్వరగా ఆరదు. అందుకే రాయలసీమ పొడి ఎండకన్నా, అంతకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువున్న కోనసీమ ఉక్క కుక్కను ఎక్కువ ఇబ్బంది పెట్టగలదు. శరీరం పెద్దదయ్యేకొద్దీ లోపల పుట్టే వేడి ఎక్కువ, దాన్ని బయటకు పంపే చర్మం ఆ నిష్పత్తిలో తక్కువ. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 41 దాటితే వడదెబ్బే, ప్రాణానికే ముప్పు.

ఏసీ గది ఉంది కదా అంటారు. గాలివాన వచ్చి కరెంటు పోతే చాలా ఇళ్లలో ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుందే తప్ప ఏసీ నడవదు. తుపాను తర్వాత రెండు మూడు రోజులు కరెంటు రాకపోవడం తీరప్రాంతంలో వింతేమీ కాదు. వేసవి వచ్చిందని సెయింట్ బెర్నార్డ్‌కు నున్నగా గొరిగించేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుగా ఉంటుంది. రోజూ దువ్వి, రాలిన లోపలి నూగును తీసేస్తే చాలు.

ఉక్కతోపాటు పిడుదులు. తేమ, గడ్డి, పశువుల పాక ఉన్నచోట వాటికి లోటుండదు. ఎర్లీకియా, బబీసియా లాంటి రక్తపు జబ్బులను కుక్కలకు అంటించేవి అవే. నివారణ మాత్రలున్నాయి, కానీ మోతాదు బరువును బట్టి ఉంటుంది. 70 కిలోల కుక్కకు ఒక మాత్ర సరిపోకపోవచ్చు. నట్టల మందైనా, యాంటీబయాటిక్ అయినా, శస్త్రచికిత్సలో మత్తుమందైనా అదే లెక్క. పదిహేను కిలోల కుక్కకు అయ్యే ఖర్చుకు నాలుగయిదింతలు వేసుకోవాలి. తిండి సంగతికొస్తే రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా పొడి ఆహారం కావాలి. 20 కిలోల సంచి నెల రోజులు రాదు.

తిండి విషయంలో మన జిల్లాల ప్రత్యేకత ఒకటి చెప్పుకోవాలి. సంక్రాంతి పుంజులను పెంచే విద్య ఇక్కడివాళ్లకు తరతరాలుగా తెలుసు. పందెంలో జరిగే హింసను నేను సమర్థించను. కానీ జీవాన్ని చూసే కన్ను, వేళకు మేత పెట్టే ఓపిక ఆ పెంపకందారులలో ఉన్నాయి. చిక్కల్లా ఆ పద్ధతినే కుక్కపిల్లకు వర్తింపజేయడంతో వస్తోంది. పుంజుకు బాదంపప్పు, గుడ్లు, ఖీమా పెట్టి ఒళ్లు తేల్చినట్టే గ్రేట్ డేన్ పిల్లనూ త్వరగా ఎదిగించాలని చూస్తారు. కాళ్లు బలపడాలని మందుల షాపు నుంచి కాల్షియం సిరప్ తెచ్చి పోస్తారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు ఉండే గ్రేట్ డేన్ పిల్ల ఏడాదిన్నరలో సుమారు నూరు రెట్లు బరువు పెరుగుతుంది. ఆ వేగానికి ఎముకలు తట్టుకోవడమే గొప్ప. ఆరు నెలల లోపు పిల్ల పేగులకు అదనపు కాల్షియాన్ని వద్దని తోసేసే శక్తి సరిగా ఉండదు. ఎంత పోస్తే అంతా పీల్చుకుంటాయి. ఫలితం వంకర తిరిగిన కాళ్లు, కీళ్ల జబ్బులు. భారీ జాతి పిల్లను పక్కటెముకలు చేతికి తగిలేటంత సన్నగా, నెమ్మదిగా పెరగనివ్వాలి. పెద్ద జాతుల పిల్లల కోసమే తయారయ్యే ఆహారం పెడితే వేరే కాల్షియం అక్కర్లేదు. డ్రైఫ్రూట్స్‌లో కిస్‌మిస్ కలిసి ఉంటే అది కుక్క మూత్రపిండాలను దెబ్బతీసే విషం, పెట్టకూడదు.

ఇక అన్నింటికన్నా నన్ను భయపెట్టేది కడుపు మెలిపడటం. ఛాతీ లోతుగా ఉండే భారీ జాతుల్లో, ముఖ్యంగా గ్రేట్ డేన్‌లో, ఇది ఎక్కువ. జీర్ణాశయం గాలితో ఉబ్బి తన చుట్టూ తాను తిరిగిపోతుంది. రెండు వైపులా దారి మూసుకుపోతుంది, రక్తప్రసరణ ఆగిపోతుంది. సాధారణంగా ఇలా మొదలవుతుంది. రాత్రి భోజనం పెట్టాక కుక్క ఒకచోట కుదురుగా ఉండదు. పడుకుంటుంది, లేస్తుంది, తిరుగుతుంది. కక్కబోతుంది, నురగ తప్ప ఏమీ రాదు. పొట్ట పక్కటెముకల వెనక బిగుసుకుపోయి, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. చిగుళ్లు పాలిపోతాయి. అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టి తెల్లారేదాకా చూద్దామంటే కుక్క బతకదు. కొద్ది గంటల్లో పొట్ట కోసి సరిచేయాల్సిందే.

మన మండలాల పశువైద్యశాలలు పాడిపశువుల కోసం ఏర్పడ్డవి. అడ్డం తిరిగిన దూడను బయటకు తీసి గేదెను కాపాడడంలో అక్కడి డాక్టర్ల నేర్పు గొప్పది. కానీ 70 కిలోల కుక్కకు అర్ధరాత్రి మత్తిచ్చి, పొట్ట తెరిచి, రక్తం ఎక్కించి, గుండె చప్పుడును గమనిస్తూ ఉండడానికి కావాల్సిన ఏర్పాట్లు వేరు. రాజమహేంద్రవరం, కాకినాడల్లో పెంపుడు జంతువుల క్లినిక్‌లు ఉన్నా, రాత్రివేళ శస్త్రచికిత్స చేసేది ఏదో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. గన్నవరం పశువైద్య కళాశాలకు అమలాపురం నుంచి దాదాపు మూడు గంటల దారి. పైగా ఆ కుక్కను బండెక్కించాలి. నొప్పితో మూలుగుతున్న అంత పెద్ద జీవాన్ని దుప్పటి మీద పడుకోబెట్టి నాలుగు మూలలా నలుగురు పట్టుకుంటేనే ట్రాలీ ఆటోలోకి ఎక్కుతుంది. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లే ఉంటే రాత్రి ఒంటి గంటకు ఆ నలుగురు ఎక్కణ్ణుంచి వస్తారు?

వరద కూడా అలాంటి పరీక్షే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల జనం పడవల మీద గట్టుకు చేరాల్సి వచ్చింది. పిల్లాపాపలతో, మూటాముల్లెతో కిక్కిరిసిన పడవలో ఎవరూ గ్రేట్ డేన్‌కు చోటివ్వరు, ఇవ్వాలని అడగడమూ న్యాయం కాదు. ఏటిగట్టు లోపల ఇల్లున్నవాళ్లు ఈ ఒక్క కారణంతోనే ఆలోచన మానుకోవచ్చు. నీళ్లు తీసిన తర్వాత ఎలుకల మూత్రం కలిసిన బురదతో లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం కుక్కకూ ఉంది, మనిషికీ ఉంది. కుక్కకు ఏటా టీకా వేయించాలి.

చట్టం గురించి క్లుప్తంగా. 2024 మార్చిలో కేంద్రం మాస్టిఫ్‌లు, రాట్‌వైలర్ సహా 23 రకాల జాతులను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితుల అభిప్రాయం తీసుకోలేదన్న కారణంతో ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. కాబట్టి పెంచుకోవడం నేరం కాదు. అయితే భారతీయ న్యాయసంహిత 291వ సెక్షన్ ప్రకారం, మనుషులకు హాని కలగకుండా తన జంతువు విషయంలో జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, అయిదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. ముప్పై రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్సులో పంపిస్తానన్నవాడి దగ్గర కొనకండి. తల్లీతండ్రీ కుక్కలను కళ్లారా చూపించమనండి, వాటి తుంటి కీళ్ల ఎక్స్‌రేలు అడగండి. మొహం చాటేస్తే వెనక్కి వచ్చేయండి.

ఆయుష్షు గురించి అమ్మేవాళ్లు చెప్పరు. గ్రేట్ డేన్ ఏడు నుంచి పదేళ్లు బతుకుతుంది. 2013లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 74 జాతుల లెక్కలు చూసి, శరీర బరువు రెండు కిలోలు పెరిగితే ఆయుష్షు సుమారు ఒక నెల తగ్గుతోందని తేల్చారు. పెద్ద కుక్కలు త్వరగా ముసలివవుతాయి. ఆరో ఏటికే నడుం పట్టేసి లేవలేని కుక్కను రోజుకు నాలుగుసార్లు లేపి బయటకు నడిపించాల్సి రావచ్చు. దాన్ని బిడ్డలా చూసుకున్న తల్లిదండ్రులకు ఆ దశ శరీరానికీ మనసుకూ భారమే.

నిజంగా కాపలాయే కావాలంటే, అమ్మానాన్నల ఇంటికి పదిహేను కిలోల నాటు కుక్క చాలు. ఊళ్లో పుట్టిన పిల్లను తెచ్చి, టీకాలు వేయించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, ప్రేమగా పెంచండి. ఈ ఉక్కను తట్టుకునే ఒళ్లు దానిది. తెలియని అడుగుల చప్పుడు వినగానే మొరుగుతుంది, దొంగను వెనక్కి పంపేది ఆ అరుపే. అవసరమైతే ఒక మనిషి చంకలో ఎత్తుకుని పడవెక్కగలడు.

ఇప్పటికే గ్రేట్ డేన్ ఉన్న ఇళ్లవాళ్లకు నా విన్నపం వేరు. ఒకే పెద్ద గిన్నె బదులు రోజుకు రెండు మూడు పూటలుగా తిండి పెట్టండి. తిన్నాక గంటన్నర దాకా ఆడించవద్దు. నడక తెల్లవారుజామునే ముగించండి. నడిపించడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాల్సి వస్తే పెట్టుకోండి, స్తంభానికి మాత్రం కట్టేయకండి. జీర్ణాశయం మెలిపడకుండా దాన్ని పొట్ట గోడకు కలిపి కుట్టే శస్త్రచికిత్స ఒకటుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తోపాటే అదీ చేయించవచ్చు. వచ్చేసారి టీకాకు తీసుకెళ్లినప్పుడు డాక్టర్‌ను ఈ విషయం అడగండి, రాత్రివేళ ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా రాయించుకుని ఆ ఫోను నంబరు అమ్మానాన్నల ఫోన్లలో ఎక్కించండి.