లక్షా ఇరవై వేల రూపాయల మెటల్ డిటెక్టర్ గారికి

పర్లాకిమిడి,
ఆదివారం, భోజనాలయ్యాక.

మహారాజశ్రీ డిటెక్టర్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

తమరు బీరువా మీద, పాత దుప్పటి కింద క్షేమమని తలుస్తాను. మీకంటే ముందు ఈ ఇంటికి వచ్చిన ఏడు వేల రూపాయల డొక్కు డిటెక్టర్ వరండాలో గొడుగు పక్కన గోడకి జారబడి ఉంది. నేల మీద తిప్పే దాని పళ్లేనికి అంటిన నిన్నటి మట్టి ఇంకా ఆరలేదు. ఆ మట్టి గురించే ఈ ఉత్తరం.

తమరి ధర మా ఆవిడకి ముప్పై వేలని చెప్పాను. కొరియర్ రసీదు ఆవిడ చేతిలో పడే దాకా సంసారం బాగానే సాగింది. రసీదు చదివి ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "ఆ డబ్బుకి బంగారమే కొనేస్తే వెతుక్కునే పని తప్పేది కదా" అంది. ఇప్పటికి ఏడాదిన్నర అయింది, జవాబు ఇంకా దొరకలేదు. తమరిదగ్గరేమైనా ఉంటే బీప్ కొట్టండి.

అమ్మినవాడు నాకు చెప్పిందల్లా ఒకటే మాట: లోతు. "లోతు సార్, లోతు!" నేనూ లోతుగా ఆలోచించకుండా డబ్బు కట్టేశాను. తరువాత కూర్చుని లెక్క చూసుకున్నాను. తమరి పళ్లెం నుంచి బయల్దేరే అయస్కాంత క్షేత్రం కిందికి వెళ్లేకొద్దీ దూరానికి ఘనం లెక్కన పలచబడుతుంది. కింద నాణెంలో పుట్టిన జవాబు పైకి వచ్చేటప్పుడూ అదే తరుగు. పోనూ రానూ కలిపితే, దూరం రెట్టింపయ్యేసరికి సిగ్నల్ 64వ వంతుకి పడిపోతుంది. అంటే జానెడు లోతులో కాణీని వినగలిగే యంత్రం మూరెడు లోతులో వినాలంటే 64 రెట్లు చెవులు పెంచుకోవాలి. బలం రెట్టింపు చేస్తే లోతులో కలిసొచ్చేది 12 శాతం. జానెడు మీద ఒక వేలి వెడల్పు, మహా అయితే ఇంకాస్త. నేను పోసింది పదిహేడు రెట్ల డబ్బు. ఆ లెక్క కాయితం మా ఆవిడకి కనబడకుండా పంచాంగంలో దాచాను.

అయినా న్యాయం న్యాయమే కాబట్టి పెరట్లో పరీక్ష పెట్టాను. మామ్మ దాచుకున్న చిల్లుకాణీ ఒకటి ఉంది, 1943-47 మధ్య కొట్టిన కంచు కాణీ. దాన్ని జానెడు లోతులో పాతాను. తమరు చక్కగా, శాస్త్రీయ సంగీతంలా పలికారు. డొక్కు కూడా పలికింది, కాకపోతే జలుబు చేసిన గొంతుతో. తరువాత ఈనాటి రూపాయి బిళ్లని బెత్తెడు లోతులో పెట్టాను. డొక్కు "గుర్ర్" అంది. తమరు మౌనం వహించారు. పళ్లేన్ని అటు తిప్పాను, ఇటు తిప్పాను. మౌనమే. ఆ రూపాయి అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు. ఇనుము జోలికి పోకూడదని ఫ్యాక్టరీలోనే తమరికి నేర్పి పంపారట. అలా భారత ప్రభుత్వం వారి రూపాయిని తుప్పు మేకుల ఖాతాలో జమ కట్టారు. ఈ ఏరివేతని ఇంగ్లీషులో డిస్క్రిమినేషన్ అంటారు. తెలుగులో వివక్ష అంటాం, అదేమంత మంచి మాట కాదు.

ఇక నిన్నటి సంగతి.

మా ఎదురింటి అప్ప కళ్లంలో ధాన్యం ఎత్తుతుంటే శీల ఊడి దిద్దు ఎక్కడో పడిపోయింది. పెళ్లినాటి దిద్దు. "తమ్ముడూ, నీ మిషను తీసుకురా" అని కబురు పెట్టింది. ఇలాంటి రోజు కోసమే కదా కొన్నానని తమరిని సింగారించి తీసుకెళ్లాను. వీధి వీధంతా వచ్చింది. తమరు తెర మీద అంకెలు వెలిగించుకుంటూ కళ్లాన్ని రెండుసార్లు చుట్టొచ్చారు. చిన్నగా ఒక్క మూలుగైనా లేదు. అప్ప కాసేపు చూసి, "ఏటి తమ్ముడూ, ఇంత డబ్బెట్టావు, మూగదేటి?" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం.

తప్పు ఎక్కడుందంటే, సగం నాది. క్రితం వారం గ్రౌండులో మందుబిళ్లల అట్టల రేకులు తవ్వీ తవ్వీ విసుగొచ్చి, తెర మీద రేకుకి వచ్చే అంకెలు కనబడితే పలకొద్దని తమరికి చెప్పాను. చిన్న బంగారం వస్తువూ ఆ రేకూ తమరి తెర మీద ఇంచుమించు ఒకే అంకె దగ్గర కూర్చుంటాయి. రేకుని వద్దంటే దిద్దునీ వద్దన్నట్టే. ఈ ముక్క ఏ ఖరీదైన యంత్రం పెట్టె మీదా పెద్దక్షరాల్లో రాయరు. అంకెని నమ్ముకుని తవ్వడం మానేసినవాడు బంగారం మీదుగా చెప్పులేసుకుని నడిచిపోతాడు, నిన్న నేను నడిచినట్టు.

ఇంటికి పరిగెత్తి డొక్కుని తెచ్చాను. దానికి తెర లేదు, ఉన్నది ఒక్క బిరడా. దాన్ని సున్నాకి తిప్పితే లోకంలో ఉన్న లోహం ప్రతిదానికీ అరుస్తుంది. "అప్పా, ఎక్కడ నిలబడి ఎత్తావు?" అని అడిగాను. తమరిని పట్టుకున్నప్పుడు ఈ ప్రశ్న నాకు తోచనే లేదు. తెర ఉంటే మనుషుల్ని అడగడం ఎందుకు? అప్ప నిలబడిన చోటు నుంచి చాప వెడల్పున మొదలుపెట్టాను. మొదటి గుంటలో మేకు. తరువాత లైటరు మూత, సైకిల్ ఊచ ముక్క, మందుబిళ్లల రేకు, మళ్లీ రేకు, గోళ్ల కత్తెరలో సగం. పదకొండో గుంటలో, రెండు వేళ్ల లోతున, ఊక అంటుకున్న దిద్దు. శీల మాత్రం దొరకలేదు.

రెండు వేళ్ల లోతు, గమనించండి. జానెడూ మూరెడూ లెక్కలన్నీ పంచాంగంలోనే ఉండిపోయాయి. నిన్న మొన్న చేతిలోంచి జారినవి ఎక్కువగా బెత్తెడులోపే ఉంటాయి. వాటికి కావలసింది నెమ్మదిగా తిప్పే చెయ్యి, ఒకదాని మీదొకటి ఎక్కేలా వేసే వరసలు, గుంటలో గుచ్చి చూసుకోవడానికి చిన్న పిన్‌పాయింటరు, వంగితే విరగని నడుము. మొదటి మూడూ కలిపినా తమరి ధరలో పదోవంతు కాదు. నడుముకి మాత్రం గ్యారంటీ లేదు.

ఇంత తిట్టాను కాబట్టి తమరి గొప్పలు రెండు చెప్పకపోతే పాపం. గోపాల్‌పూర్ తీరంలో తడి ఇసుక మీద డొక్కు పరువు తీసింది. ఉప్పునీరు కరెంటుని నడిపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద బతికే డొక్కుకి సముద్రమంతా ఒక పెద్ద ఇత్తడి గంగాళంలా వినిపించింది. పైగా ఆ ఒడ్డున నల్లటి చారల ఇసుక. దగ్గర్లోని ఛత్రపూర్‌లో ఇల్మెనైట్ కోసం తవ్వేది ఈ జాతి ఇసుకనే. అలలు తాకినప్పుడల్లా డొక్కు కాకిలా అరిచి, చివరికి నాకే తలనొప్పి తెప్పించింది. తమరు ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపి, ఉప్పుని ఉప్పు కింద పక్కన పెట్టి, మెత్తగా ఒక్క కూత వేశారు. వెండి మట్టె. ఆ పూట ఐదు రూపాయల బిళ్లలు మూడు కూడా దొరికాయి.

రెండోది, నౌపడా లైను. 1900లో చిన్న రైలు కోసం వేసిన నారో గేజ్, బ్రాడ్ గేజ్ అయ్యేదాకా దశాబ్దాల పాటు మేకులూ బోల్టులూ రాలుస్తూనే ఉంది. ఆ చుట్టుపక్కల పొలాల్లో ఇనుము మధ్య ఇరుక్కున్న రాగిని విడదీసి వినిపించే చురుకు డొక్కుకి లేదు, తమరికుంది. కానీ నేను ఏడాదికి రెండుసార్లు సముద్రానికీ ఒకసారి ఆ పొలాలకీ వెళతాను. మిగతా రోజులు పెరడు, కళ్లం, బడి గ్రౌండు.

జౌగడకి ఎందుకు తీసుకెళ్లవని తమరు అలిగినట్టున్నారు. అశోకుడి శాసనం ఉన్న కొండ అది, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ గునపం పట్టుకుని కనబడితే ముందు దొరికేది నేను. ఇంకో చట్టం కూడా ఉంది, 1878 నాటి నిధుల చట్టం. భూమిలో దాగిన సొమ్ము పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలు! ఆనాడు అది మూట, ఈనాడు ఒక టీ. గోపాల్‌పూర్‌లో మనకి దొరికిన పదిహేను రూపాయలు నిధి కిందికొస్తాయా అని వకీలుని అడిగాను. ఆయన ఫీజు అడగకుండా నవ్వి పంపేశాడు.

మా బావమరిది ఇంకా తగ్గలేదు. గుప్తనిధుల గ్యాంగుల వీడియోలు చూసి, "బావా, లాంగ్ రేంజ్ మిషను కొందాం, పిడి పట్టుకుంటే చాలు, కిలోమీటరు దూరంలో ఉన్న బంగారం వైపు యాంటెనా తిరుగుతుంది" అంటున్నాడు. వాడికి ఏడీఈ 651 కథ చెప్పాను. పిడికి యాంటెనా తగిలించి బాంబులు కనిపెడుతుందని ఇరాక్‌కి కోట్లలో అమ్మారు. లోపల పనిచేసేది ఏమీ లేదు, దాని మూలం గోల్ఫ్ బంతులు వెతికే ఆటబొమ్మ. అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. దాని పక్కన పెడితే తమరు హరిశ్చంద్రులు. కనీసం చిల్లుకాణీకి పలికారు. బావమరిది అంతా విని, "అది బాంబులది బావా, ఇది బంగారానిది" అన్నాడు.

తమరిని అమ్మేద్దామని కూడా చూశాను. సగం ధర కూడా పలకలేదు. కాబట్టి వచ్చే ఆదివారం గోపాల్‌పూర్ ప్రయాణం ఖాయం చేశాను, ఆటు ఉన్న వేళకి. శనివారం రాత్రే చార్జింగ్ పెట్టి ఉంచుతాను. ఉప్పు తగిలాక మంచినీళ్లతో కడిగించుకోవడానికి మాత్రం పేచీ పెట్టొద్దు. డొక్కు రాదు. అప్ప దిద్దు శీల వెతకాల్సిన పని దానికి ఇంకా మిగిలే ఉంది.

ఇట్లు,
తమరి వాయిదాలు ఇంకా కడుతున్న
విధేయుడు